బిగినింగ్‌లో రెండు ఎన్‌లు, ఓపెనింగ్‌లో ఒకటే ఎందుకు?

మా అమ్మాయి ఐదో తరగతి. డిక్టేషన్ ఉన్న రోజు ఇంట్లో అందరికీ టెన్షనే. బట్టీ పట్టించడం ఇష్టం లేక రూల్స్ వెతికి చెబుతున్నాను. క శబ్దం తర్వాత ఇ, ఐ, వై వస్తే కె అనీ, ఎ, ఓ, యు వస్తే మామూలుగా సి అనీ చెబితే బాగానే ఎక్కింది. కంగారూ సంగతి అడిగితే మాత్రం అది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మాట లే అని తప్పించుకున్నా.

హాప్‌కి ఐఎన్‌జీ చేరిస్తే రెండు పీలు, హోప్‌కి ఒకటే. ఇదీ అర్థమైంది. నిన్న రాత్రి ఓపెనింగ్‌కి రెండు ఎన్‌లు పెట్టింది. కొట్టేస్తే, "మరి బిగినింగ్‌కి రెండున్నాయిగా నాన్నా?" అంది. నాకు నోరు పెగల్లేదు.

మాటలో ఎక్కడ నొక్కి పలుకుతామో దాన్ని బట్టి అట: బిగిన్‌లో చివర, ఓపెన్‌లో మొదట. సరే, కానీ తెలుగు చెవికి ఆ నొక్కు పట్టుబడేదెలా? నాకే సరిగా వినపడదు! పైగా ట్రావెల్‌లో నొక్కు మొదటే ఉన్నా, ట్రావెలింగ్‌కి బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు, అమెరికన్ పద్ధతిలో ఒకటే. ఎల్‌కి వేరే రూల్ ఉందా? పిల్లలకు ఇది నేర్పినవాళ్లు ఎలా చెప్పారో కాస్త రాయండి. శుక్రవారం మళ్లీ డిక్టేషన్ ఉంది.