కింద నిలబడి గట్టర్ శుభ్రం చేసే వాక్యూమ్ మన పెంకుటిళ్లకు పనికొస్తుందా?

పర్లాకిమిడి పెంకుటిల్లు (మే 3)

అందరికీ నమస్కారం. గట్టర్ అంటే వీధి మురిక్కాలువ అనుకునేరు. నేనడిగేది చూరు వెంబడి వాన నీళ్లు పట్టడానికి కట్టే రేకు కాలువ గురించి.

మాది నాన్నగారు కట్టించిన ఇల్లు. ముందు భాగం మంగుళూరు పెంకు, వెనక వంటిల్లూ పాత పశువుల సాలా సిమెంటు రేకులు. తూర్పు వైపు మా చూరుకీ పక్కింటి గోడకీ మధ్య మూడడుగుల సందు. గట్టర్ లేకపోతే మా నీళ్లన్నీ పక్కింటి పిన్నిగారి గోడకే కొడతాయి. ఆవిడ నోరు మా వీధిలో అందరికీ తెలుసు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి పాత గట్టర్ ఊడి ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. తర్వాత జింకు రేకుతో కొత్తది వేయించాను. నేల నుంచి పదకొండడుగుల ఎత్తు, ముప్పై ఆరడుగుల పొడవు. నెత్తిన చింతచెట్టు, మూల మీద బాదంచెట్టు. ఇంక చెప్పేదేముంది.

ఏటా మృగశిర కార్తె లోపల నేనే ఎక్కి తీసేవాణ్ణి. కిందటేడు ఆ సందులో నిచ్చెన కాలు జారింది. మడమ ఎముక చిట్లి ఆరు వారాలు పిండికట్టుతో కూర్చున్నాను. బడి నుంచి రిటైరయ్యాక అంత విశ్రాంతి మళ్లీ అప్పుడే. ఇప్పుడు నిచ్చెనకి గొలుసు వేసి తాళం పెట్టారు, తాళంచెవి మా ఆవిడ దగ్గర. మనిషిని పెట్టిద్దామంటే, పోయినసారి వచ్చిన కుర్రాడు పెంకుల మీద నడిచి పదకొండు పెంకులు విరగ్గొట్టి వెళ్లాడు.

మా అబ్బాయి ఒక వీడియో పంపాడు. కింద నిలబడే పొడవాటి గొట్టంతో గట్టర్లో చెత్తంతా లాగేస్తున్నారు, చివర చిన్న కెమెరా కూడా ఉంది. కొనేస్తానంటున్నాడు. మన చెత్తకి అది పనిచేస్తుందా? వాడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

రాయగడ కార్‌వాష్ (మే 3)

మాస్టారూ, అబ్బాయిని ఆగమనండి. నాకు ఇక్కడ కార్లు కడిగే షెడ్డుంది. అక్కడి 30 లీటర్ల వాక్యూమ్‌తోనే మా అత్తగారింటి గట్టర్ తీశాను. అది తడీ పొడీ రెండూ లాగే రకం. ఇంట్లో నేల ఊడ్చే మామూలు వాక్యూమ్‌తో మాత్రం ఈ పనికి దిగకండి. దాని మోటారుకి నీళ్లు తగిలితే అంతే సంగతులు.

గొట్టం ప్లంబింగ్ షాపు పీవీసీతో చేశాను. పై చివర చేతికర్ర వంపులా తిరగాలి, అప్పుడే నోరు గట్టర్లోకి వంగుతుంది. మొదట 90 డిగ్రీల బెండ్లు రెండు పెట్టి చెడిపోయాను. బాదం ఆకు ఒక్కటి అక్కడ అడ్డం తిరిగితే దాని వెనక అన్నీ పేరుకుంటాయి. తర్వాత 45 డిగ్రీలవి నాలుగు పెట్టాను. వంపు నిదానంగా తిరిగింది, ఇరుక్కోవడం సగానికి సగం తగ్గింది. జాయింట్ల మీద పాత సైకిల్ ట్యూబు కోసి బిగించి చుట్టాను. జాయింట్లో గాలి లీకైతే ఆ మేరకు పైన లాగుడు పడిపోతుంది, మిషన్ ఎంత పెద్దదైనా సరే.

అంత ఎత్తుకి మిషన్ ఎలా లాగుతుందని నాకూ అనుమానం ఉండేది. చూస్తే చెత్త పైకెక్కేది ఆ వంపు దగ్గర అడుగున్నరే. అక్కణ్ణుంచి కిందికే కదా, తన బరువుకి తానే జారుతుంది. ఆకును లేపేది గాలి వేగం. మిషన్ చాలినంత గాలి లాగకపోతే వాట్లు ఎన్ని రాసున్నా దండగ. గొట్టం లావు కూడా చూడండి. 35 మిల్లీమీటర్లకీ 50కీ తేడా పదిహేనే అనిపిస్తుంది గానీ నోటి వైశాల్యం రెట్టింపు. అయితే లావు పెంచితే అంత గాలి లాగే మోటారు కావాలి. నా ఒంటి మోటారు మిషన్‌కి 40 సరిపోయింది.

ఎండిన చింతాకు, దుమ్ము, పిచ్చుక గూడు గడ్డి చిటికెలో పోయాయి. అడుగున పట్టిన నల్ల బురద మాత్రం ఏడిపించింది. నోరు బురదలో పూర్తిగా ముంచితే గాలి ఆగిపోయి మిషన్ ఊపిరాడనట్టు గింజుకుంటుంది. అందుకే గొట్టం చివర కలం పాళీలా ఏటవాలుగా కోశాను. ఒక పక్క బురద, ఒక పక్క గాలి కలిసి వెళ్లాలి. అప్పుడు గుటక గుటకగా లాగుతుంది. తడి పనికి ముందు లోపలి కాగితం ఫిల్టర్ తీసి స్పాంజి వేయండి. మోటారు కూత ఉన్నట్టుండి సన్నబడితే డబ్బా నిండి, నీళ్లు మోటారుకి ఎక్కకుండా ఆపే లోపలి బంతి పైకి తేలి మూసుకుందన్నమాట. అంతదాకా రానివ్వకండి, బురదతో నిండిన డబ్బా ఇద్దరు పట్టినా లేవదు.

కెమెరా లేదు. మా పాప సెల్ఫీ స్టిక్ వెదురుకి కట్టి వీడియో తీసి చూసుకున్నాం. ఇంకో మాట, పన్నెండడుగుల పీవీసీ గొట్టం ఒక్కరి చేతిలో ఆగదు, గాలిపటంలా ఊగుతుంది. ఇద్దరుండాలి.

గుణుపూర్ నుంచి లెస్టర్ (మే 4)

నేనిక్కడ ఇంగ్లండ్‌లో ఉంటాను, మా వీధిలోకి ఈ వాక్యూమ్ వాళ్లు ఏటా ఆకులు రాలాక వస్తారు. ఎత్తు మీద చేసే పనులకి 2005 నుంచి ఇక్కడ ప్రత్యేక నిబంధనలున్నాయి, వీలైతే ఎక్కకుండానే పని చేయమంటాయి. ఈ పద్ధతికి గిరాకీ ఉండటానికి అదొక కారణం. వాళ్లవి రెండు మూడు మోటార్ల మిషన్లు. మూడు కిలోవాట్లు దాటినవి కూడా ఉంటాయి. అలాంటివి మనింట్లో మామూలు ప్లగ్గు మీద నడవవు, 16 ఆంప్స్ పాయింట్ కావాలి.

గొట్టాలు కార్బన్ ఫైబర్. చాలా తేలిక. కానీ అందులోంచి కరెంటు పారుతుంది, అల్యూమినియం సంగతి సరేసరి. మాస్టారూ, మీ చూరు దగ్గర సర్వీసు వైరు ఎటు నుంచి వస్తోందో ముందు చూసుకోండి. అటు వైపు పీవీసీతో కూడా వద్దు, తడిసిన గొట్టాన్ని నమ్మలేం. ఎక్స్‌టెన్షన్ బోర్డు తడిలో పెట్టకండి. మీటరు దగ్గర 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్టేసే స్విచ్చి, లేకపోతే ఈ పని సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి.

ఇంకొకటి. గట్టర్ అద్దంలా మెరిసినా కిందికి దిగే గొట్టం మూసుకుపోయి ఉంటే నీళ్లు పొంగక మానవు. వాక్యూమ్ ఆ గొట్టం నోటి దగ్గరిదే తీస్తుంది, కింద మలుపులో ఇరుక్కున్నది దానికి అందదు. అన్నీ అయ్యాక పైన రెండు బకెట్ల నీళ్లు వదిలి కింద ఎలా పడుతున్నాయో చూడండి.

జయపురం కోడలు (మే 4)

బాబాయిగారూ, వెనక సిమెంటు రేకులన్నారు కదా, అవి ఎన్నాళ్లవి? పాత సిమెంటు రేకుల్లో ఉండేది ఆస్‌బెస్టాస్ అనే రాతినార. ఎండకీ వానకీ పైపొర అరిగి, ఆ నార గట్టర్లోకి దిగి బురదలో కలుస్తుంది. ఆ వైపు వాక్యూమ్ పెట్టకండి. మామూలు మిషన్ ఫిల్టర్ ఆ సన్న నారని ఆపలేదు, ముందు లాగి వెనక నుంచి మీ మొహం మీదికే వదులుతుంది. గాలితో ఊదే బ్లోయరైతే మరీ ఘోరం. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా క్యాన్సర్ తెచ్చేదేనని డబ్ల్యూహెచ్ఓ ఎప్పుడో తేల్చింది.

మా అత్తగారింట్లో ఇలా చేస్తాం. ముందు గట్టర్ని నీళ్లతో మెల్లగా తడుపుతాం. పైపు గట్టిగా కొట్టకూడదు, చిమ్ముతుంది. పీవీసీ గొట్టం ముక్కని నిలువునా సగానికి చీల్చి వెదురు కర్ర చివర కొక్కెంలా కట్టి, తడి బురదని తడిగానే లాగి సంచిలో మూట కడతాం. ఎండనివ్వకూడదు. చీపురు అసలు వాడం.

పర్లాకిమిడి పెంకుటిల్లు (మే 17)

అందరికీ చాలా థాంక్స్. ముఖ్యంగా జయపురం అమ్మాయికి. ఆ రేకులు 1986లో వేసినవి. వాటి మీద నాచుని చీపురుతో ఇన్నేళ్లూ నేనే గీకాను, మూతికి తువ్వాలైనా కట్టకుండా. అది తలుచుకుంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది. వెనక వైపు తడిపి, కొక్కెంతోనే తీయించాం.

ముందు వైపుకి మిషన్ కొనలేదు. ఇక్కడ బస్టాండ్ వెనక సర్వీసింగ్ షాపులో ఒక పూటకి అద్దెకిచ్చారు. రాయగడ బాబు చెప్పినట్టే నాలుగు బెండ్లు, సైకిల్ ట్యూబు, పాళీ కోత. సర్వీసు వైరు పడమటి వైపు, కాబట్టి సందులో ఇబ్బంది లేదు. మా బావమరిది గొట్టం పట్టాడు, నేను ఫోన్‌లో చూస్తూ ఎడమకి, కుడికి అని చెప్పాను. ముప్పై ఆరడుగులకి రెండున్నర గంటలు పట్టింది. ఎండిన చెత్త అరగంటలో అయిపోయింది, మిగతా రెండు గంటలూ ఆ మూలన బాదంచెట్టు కింద ఆరడుగులకే. ఏడుసార్లు గొట్టం దింపి ఆకులు పీకాం. డబ్బా బోర్లిస్తే పెంకు ముక్కలు, రెండు గోలీలు, కోతులు తిని పారేసిన మామిడి టెంకలు, ఒక తాళంచెవి. ఏ తాళానిదో ఎవరూ చెప్పలేకపోయారు. నిచ్చెనది కాదు, చూశాను.

తర్వాత పిన్నిగారి డాబా మీద నుంచి బకెట్ నీళ్లు వదిలితే కింద చుక్క పడలేదు. దిగే గొట్టం అడుగు బెండు విప్పితే టెన్నిస్ బంతి. గట్టర్ శుభ్రం చేసిన ప్రతి ఏడూ పొంగుతూనే ఉండేది, ఇన్నేళ్లూ నేను చింతాకుని తిట్టుకున్నాను.

దిగే గొట్టం నోటి మీద జాలీ పెట్టిస్తే మంచిదేనా? పెడితే ఎంత కన్ను ఉండాలి?

రాయగడ కార్‌వాష్ (మే 17)

పెట్టించండి, కానీ బల్లపరుపుది వద్దు, దాని మీద ఒక్క బాదం ఆకు పరుచుకుంటే మూత పెట్టినట్టే. బుట్ట బోర్లించినట్టు పైకి లేచినది దొరుకుతుంది. కన్ను వేలు పట్టేంత ఉంటే చాలు. చింతాకు పోతుంది, బంతి పోదు.