చెన్నై సముద్రపు గాలికి ఆల్ సాలిడ్ గిటార్ నిలుస్తుందా?

ప్రశ్న (తిరువాన్మియూరు నుంచి)

నమస్కారం. మా అమ్మాయి రెండేళ్లుగా లామినేట్ గిటార్ మీద నేర్చుకుంటోంది. ఇంకొంచెం మంచిది కొందామని వెళితే, దుకాణంలో ఆయన, ‘లామినేట్ అంటే అట్టపెట్టె సార్, కొంటే ఆల్ సాలిడే కొనండి’ అన్నారు. అంటే అన్ని భాగాలూ పొరలు అతికించని అచ్చమైన చెక్క పలకలతో చేసినదట. మా ఇల్లు సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉంది. పగలంతా కిటికీలు తెరిచి ఉంటాయి, రాత్రి ఏసీ నడుస్తుంది. అంత డబ్బు పెట్టి కొన్నది ఈ ఇంట్లో పాడవకుండా ఉంటుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (అడయార్ నుంచి)

లామినేట్ కూడా చెక్కేనండి. పలచని పొరలను, ఒకదాని చారలకు మరొకదాని చారలు అడ్డంగా వచ్చేటట్టు పేర్చి, జిగురుతో అతికిస్తారు. తేమ పీల్చిన చెక్క పొడవున దాదాపు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. కాబట్టి ఒక పొర ఉబ్బును మరొక పొర పట్టి ఆపుతుంది. అందుకే లామినేట్ అంత తేలికగా పగలదు. అయితే టాప్ (తీగల కింద ఉండే ముందు పలక) విషయంలో ఆ బిగింపే లోపమవుతుంది. తీగల కదలిక, టాప్ మీద అవి బిగించి ఉండే బ్రిడ్జ్ అనే ముక్క ద్వారా టాప్‌కు చేరుతుంది. తేలికగా, బిర్రుగా ఉండే మూడు మిల్లీమీటర్ల స్ప్రూస్ అనే చెక్క పలక దాన్ని నాదంగా మార్చినంత చక్కగా జిగురు పొరల పలక మార్చలేదు.

వెనుక పలక, పక్కల పాత్ర ఇందులో చాలా తక్కువ. అట్టపెట్టె అన్నారు కనుక చెబుతున్నాను: స్పెయిన్‌లో ఆంటోనియో దె టోర్రెస్ 1862లో వెనుకభాగాన్నీ పక్కలనూ నిజంగానే అట్టతో చేసి, టాప్‌ను మాత్రం స్ప్రూస్‌తో చేసి, గిటార్‌కు ప్రాణం టాపేనని చూపించారు. ఆ గిటార్ నేటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. మీ ఇంటికి సాలిడ్ టాప్, లామినేట్ బ్యాక్, సైడ్స్ ఉన్న గిటార్ సరిపోతుందని నా గట్టి అభిప్రాయం.

సమాధానం (బెంగళూరు నుంచి)

పై మాటతో ఏకీభవిస్తాను. నా ఆల్ సాలిడ్ గిటార్ బెంగళూరులో ఏళ్ల తరబడి బాగానే ఉంది. ఉద్యోగరీత్యా చెన్నైకి తీసుకువెళ్లిన ఏడాది ఈశాన్య రుతుపవనాల వానల్లో తీగలు మెడకు దూరంగా లేచిపోయి, వేళ్లు నొప్పి పుట్టసాగాయి. బ్రిడ్జ్ వెనుక స్కేలు అడ్డంగా ఆనిస్తే రెండు చివరల కిందా వెలుతురు కనిపించింది. టాప్ మధ్యలో అంత ఉబ్బింది. సాలిడ్ టాప్‌కు కూడా ఈ ప్రమాదం ఉంటుంది కనుక, వాయించనప్పుడు పెట్టెలోనే ఉంచండి. పెట్టెలో తేమను కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ పెట్టి, తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేటట్టు చూసుకోండి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేసి, తరచు మారుస్తూ ఉండాలి. ఏసీ గాలి సూటిగా తగిలేచోట మాత్రం ఎప్పుడూ ఆనించవద్దు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సాలిడ్ టాప్ అని చెప్పి లామినేట్ ఇస్తే గుర్తుపట్టేదెలా?

సమాధానం (అడయార్ నుంచి)

టాప్‌లో ఉండే గుండ్రటి రంధ్రం, అంటే సౌండ్ హోల్ అంచున టార్చి వేసి చూడండి. సాలిడ్ అయితే పైనున్న చారలు అంచు మందంలోకి తెగకుండా దిగుతాయి. లామినేట్ అయితే అంచు చుట్టూ పొరల గీతలు కనిపిస్తాయి. అంచుకు రంగు పూసి ఉంటే లోపలికి చిన్న అద్దం పెట్టి, టాప్ అడుగున కూడా అవే చారలు ఉన్నాయో లేదో పోల్చుకోండి.