సిగ్నల్ పడిందంటే ఆగాలా, కదలాలా?

మొన్న ఇక్కడ ఒకరు వేసిన ప్రశ్న నన్ను వదలడం లేదు. "సిగ్నల్ పడింది" అంటే ఆగమనా, వెళ్లమనా? కింద దాదాపు అందరూ "ఆగమనే, ఇందులో సందేహమేముంది" అని తేల్చేశారు. వాళ్లంతా బండ్ల మీద ఆఫీసులకి వెళ్లేవాళ్లని నా అనుమానం. నాలాంటి రైలు పిచ్చోణ్ని అడిగితే, సిగ్నల్ పడిందంటే రైలు వచ్చేస్తోంది, సంచులు చేతికి తీసుకో, పిల్లల్ని లెక్కపెట్టుకో అని అర్థం. అదే మాట కూడలిలో వింటే బ్రేకు వేస్తాం.

అసలీ "పడటం" పాత రెక్క సిగ్నళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. ప్లాట్‌ఫారం చివర దాటాక ఎత్తైన స్తంభం, దాని కొసన ఎర్ర రంగు వేసి తెల్లపట్టీ గీసిన రెక్క గుర్తుందా? అది అడ్డంగా చాచి ఉంటే ఆగాలి. స్టేషన్ వైపు లీవరు లాగితే తీగ బిగిసి, రెక్క 45 నుంచి 60 డిగ్రీల దాకా కిందికి వాలేది, అంటే దారి ఇచ్చినట్టు. నిజంగానే కళ్లముందు పడేది, అందుకే పడింది అన్నారు, ఇందులో అలంకారం ఏమీ లేదు. చీకట్లో రెక్క కనపడదు కాబట్టి దాని మొదట్లో కళ్లజోడులా రంగు గాజుబిళ్లలు, వెనక కిరసనాయిలు దీపం ఉండేవి. తమాషా ఏమిటంటే అందులో ఆకుపచ్చ బిళ్లని పగలు చూస్తే నీలంగా ఉంటుంది, ఎందుకంటే కిరసనాయిలు వెలుగు పసుపు, ఆ పసుపు నీలం గాజులోంచి వస్తేనే దూరానికి పచ్చగా కనిపిస్తుంది. (ఇది తెలిసిన రోజు ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు, మీరైనా పట్టించుకోండి.)

మరి తీగ తెగితే? ఆ భయంతోనే బరువు కట్టి పెట్టారు. తీగ తెగితే రెక్క మళ్లీ అడ్డానికే వచ్చి నిలుస్తుంది, బండి ఆగిపోతుంది, ప్రాణాలు దక్కుతాయి. అంటే ఈ రెక్క పడాలంటే ఒక మనిషి కష్టపడి లాగాలి, లేవడం మాత్రం దానంతట అదే లేస్తుంది. మనందరి విషయంలో ఇది తిరగేసి కదా ఉంటుంది!

ఇంకో తిరకాసు. తర్వాత వచ్చిన ఇంకో రకం సిగ్నల్లో రెక్క కిందికి రాదు, పైకి లేస్తుంది. 45 డిగ్రీలు లేస్తే జాగ్రత్తగా రమ్మని, నిటారుగా నిలబడితే దర్జాగా పొమ్మని. దాని కింద నిలబడి కూడా "సిగ్నల్ లేచింది" అన్న మనిషిని నేను చూడలేదు, పైకి లేచిన రెక్కని చూస్తూ "పడింది పడింది" అనేవాళ్లే. ఇప్పుడు రంగు దీపాలొచ్చాయి, అవి పడవు, లేవవు, ఉన్నచోటే వెలుగుతాయి. మాట మాత్రం పడుతూనే ఉంది.

సరే, రోడ్డు మీదికి వచ్చేసరికి అర్థం ఎందుకు తిరగబడింది? నా ఊహ చెప్తాను, కాదంటే తిట్టండి. తెలుగులో "పడు" ఊరికే కింద పడటం కాదు. జీతం పడుతుంది, పేరు పడుతుంది, ఓటు పడుతుంది, పంక్చర్ పడుతుంది. "రెడ్ పడింది"లోని పడటం ఈ వరసది, అందులోంచి రెడ్ జారిపోయి సిగ్నల్ మిగిలి ఉంటుంది. లేదా "గేటు పడింది" నుంచి వచ్చి ఉంటుంది. రైల్వే గేటు దగ్గర రోడ్డు మీద మనిషికి పడటమంటే ఆగిపోవడమే, వేరే అర్థం లేదు. నాకు ఈ రెండోదే ఇష్టం, ఎందుకంటే ఇంటర్‌లాకింగ్ (గేటునీ సిగ్నల్‌నీ ఒకదానికొకటి ముడిపెట్టే ఏర్పాటు) ఉన్న గేటు దగ్గర గేటు పూర్తిగా పడి తాళం పడితే తప్ప రైలుకి సిగ్నల్ పడదు. గేటు పడితే మనం ఆగాలి, అప్పుడే సిగ్నల్ పడి రైలు కదలాలి. ఒకే చోట, నిమిషం తేడాలో, ఒకే క్రియతో ఒకరిని ఆపి ఇంకొకరిని పంపిస్తున్నాం!

చేర్పు: కింద ఒకరు "బోగీ" సంగతి ఎత్తారు. అవునండీ, బోగీ అంటే నిజానికి పెట్టె కాదు, పెట్టె కింద చక్రాలు బిగించిన చట్రం. మామూలుగా ఒక్కో పెట్టెకి రెండుంటాయి. కాబట్టి మనం 24 బోగీల రైలు అన్నప్పుడల్లా ఎక్కడో ఒక ఇంజనీరు 48 అని గొణుక్కుంటూ ఉంటాడు. నేనైతే పెట్టె అంటాను. ఆ మాటకి ఏం తక్కువ?

ఇంకొకరు "ఔటర్‌లో ఆపేశాడు" గురించి అడిగారు. ఔటర్ అంటే పాత పద్ధతిలో స్టేషన్‌కి బయట ఆపే సిగ్నల్. రంగు దీపాలున్న లైన్లలో ఔటర్ అనే సిగ్నలే లేదు, స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్, దానికి ముందు దాని సంగతి ముందే చెప్పే డిస్టెంట్, అంతే. అయినా బండి ఊరి బయట ఆగితే అది ఔటరే, మార్చడం మన తరం కాదు. నాకు దానికన్నా ఆ "ఆపేశాడు" మీదే ఆసక్తి. ఎవడాడు? డ్రైవరా అంటే కాదు, ఆయన ఎర్ర దీపం చూసి ఆగాడు పాపం. "ప్లాట్‌ఫారం మార్చేశాడు", "క్రాసింగ్‌కి పెట్టేశాడు", ఇవన్నీ చేసేది ఎవరికీ కనపడని ఆ వాడే. కరెంటు తీసేసేవాడూ వీడే అనుకుంటా. స్టేషన్ మాస్టరు ఆవిడ అయినా సరే, కిటికీలోంచి తల బయటపెట్టి చూసిన పెద్దాయన లోపలికి వచ్చి కూర్చుంటూ "ఆపేశాడండీ" అనే అంటాడు.