ఆదోని పాత జిన్నింగ్ మిల్లును కూల్చకుండా వాడుకోలేమా?

మా తాత పత్తి తూకం వేసిన మిల్లు అది. ఏళ్లుగా మూతబడి ఉంది, ఇప్పుడు ప్లాట్లు వేస్తారంట. రాతి గోడలు, పొగగొట్టం ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఇట్లాంటివి నిలబెట్టుకున్నోళ్లు యాడన్నా ఉన్నారా?

జవాబు 1:
ఉన్నారు తమ్ముడూ. నేను బెర్లిన్‌లో పనిచేసేటప్పుడు ప్రెంజ్‌లావర్ బెర్గ్‌లో ఉంటి. ఆడ కుల్టూర్‌బ్రావరై అని ఉంది, ఒకప్పటి షుల్ట్‌హైస్ బీరు ఫ్యాక్టరీ. ఫ్రాంజ్ ష్వెక్టెన్ అనే ఆర్కిటెక్టు ఇటుకలతో కోట మాదిరి కట్టినాడు. 1967లో బీరు తయారీ ఆగిపోయింది. 1974లో రక్షిత కట్టడంగా ప్రకటించినారు. నన్నడిగితే దాన్ని బతికించింది ఆ కాగితమే. ఇప్పుడు లోపల సినిమా హాళ్లు, నాటకశాల, తూర్పు జర్మనీ జనాల రోజువారీ బతుకు చూపించే మ్యూజియం. చలికాలంలో ముంగిళ్లలో క్రిస్మస్ సంత. బాయిలర్ గదిలో కచేరీలు జరుగుతాయి, పేరు మాత్రం పాతదే ఉంచినారు. అది నాకు శానా నచ్చింది.

జవాబు 2:
ముందు పొగగొట్టాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి. పైకప్పు కారితే గోడలూ నిలవవు. అన్ని వైపులా ఫొటోలు, కొలతలు తీసి పెట్టుకోండి. మున్సిపాలిటీలో లేఔట్ అనుమతి అడిగినారేమో కనుక్కోండి.

అడిగినవారు:
సరే అన్నా. యజమానుల ఇంటికి పెద్దోళ్లను తీసుకొని పోతా. కనీసం తూకం షెడ్డన్నా లైబ్రరీకి ఇమ్మని అడుగుతా.