ఎనిమిదో భాగంలో ఉపన్యాసాలే, మిగతాది చదవాలా?

టెరీ గుడ్‌కైండ్ ఫాంటసీ నవలల సిరీస్ 'స్వోర్డ్ ఆఫ్ ట్రూత్'లో 2003లో వచ్చిన ఎనిమిదో భాగం 'నేకెడ్ ఎంపైర్' సగంలో ఉన్నాను. ఒంట్లో విషం ఎక్కి, విరుగుడు దొరక్కపోతే చచ్చిపోయే హీరో రిచర్డ్, అహింస తప్పని పేజీలకు పేజీలు క్లాసు పీకుతున్నాడు. టైమ్ లేనివాడికి ఇంత ఓపికెక్కడిది? ఎదుటివాళ్లేమో ఓడిపోవడానికే వాదిస్తున్నట్టున్నారు. ఇకముందైనా కథ కదులుతుందా?

జవాబు 1: గుడ్‌కైండ్‌పై అయన్ రాండ్ (వ్యక్తి స్వేచ్ఛ, స్వప్రయోజనమే ముఖ్యమని వాదించిన రచయిత్రి) ప్రభావం ఉంది, ఆ మాట ఆయనే చెప్పుకున్నారు. నాకు ఆ వాదనతో పేచీ లేదు, చెప్పిన తీరుతోనే. ఆరో భాగంలోనూ ఇదే సిద్ధాంతం. కానీ అక్కడ రిచర్డ్ శిల్పం చెక్కుతాడు, దాన్ని చూసి జనం తిరగబడతారు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇక్కడ శిల్పం లేదు, మైకు మాత్రమే.

జవాబు 2: నాకు నచ్చింది బాబూ! హింసకు దూరంగా ఉండేవాళ్లే రిచర్డ్‌కి విషం పెట్టి సాయం చేయించుకోవడం మంచి మెలిక.

జవాబు 3: ప్రసంగాలు దాటేసి చదవండి. తర్వాతి 'చైన్‌ఫైర్'లో రిచర్డ్ భార్య కేలన్‌ను అతను తప్ప అందరూ మర్చిపోతారు. అక్కడ మళ్లీ టెన్షన్ మొదలవుతుంది.