అప్‌డేట్: మిర్యాలగూడ రైస్ మిల్లు పేజీ సమస్య తీరింది

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు కోసం ఏఐతో రియాక్ట్‌లో (వెబ్ పేజీలు తయారుచేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) రాయించిన వెబ్ పేజీ ఇన్‌స్టాల్ దశలోనే ఆగిపోతోందని గతవారం ఇక్కడ అడిగాను. కారణం దొరికింది. కొత్త ప్రాజెక్టులకు క్రియేట్ రియాక్ట్ యాప్‌ను (రియాక్ట్ ప్రాజెక్టును మొదలుపెట్టి ఇచ్చే పాత సాధనం) వాడవద్దని రియాక్ట్ బృందం 2025 ఫిబ్రవరిలోనే ప్రకటించినా, బహుశా పాత కోడ్‌నే ఎక్కువగా చదువుకున్నందువల్ల, ఏఐ దానితోనే మొదలుపెట్టింది. మీరు సూచించినట్లు అదే పని చేసే వీట్ (Vite) అనే సాధనానికి మార్చి (బియ్యం మిల్లుకు గోధుమలెందుకని యజమాని నవ్వారు), రియాక్ట్ 19వ వెర్షన్ అని ముందే స్పష్టంగా చెప్పి మళ్లీ రాయిస్తే పేజీ నడిచింది.

అయితే ఏఐ ఇచ్చిన సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేంతే ఉండటంతో, ‘మిల్లు’, ‘బియ్యం’ వంటి మాటల్లో ఒత్తులు కింద తెగిపోయాయి, దానిని 1.7కు పెంచి నేనే సరిదిద్దాను. బస్తాల సంఖ్య నింపే గడికి లేబుల్ ఇంకా పెట్టవలసి ఉంది.