ఇంట్లో ఇన్వర్టర్ ఉండగా డెస్క్‌టాప్‌కి వేరే యూపీఎస్ దండగేనా?

చీకటివేళ:
ఇంట్లో 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయి. కరెంటు పోయినా ఫ్యాన్లు, లైట్లు ఆగినట్టే తెలియదు. డెస్క్‌టాప్ కూడా అదే లైన్ మీద ఉంది: 650 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె), మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు. బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉంటే కరెంటు పోయినా ఏమీ కాదు. గేమో, వీడియో రెండరో నడుస్తుంటే మాత్రం టప్పున రీస్టార్ట్. షాపులో 1100 వీఏ యూపీఎస్ కొనమంటున్నారు. ఇన్వర్టర్ ఉండగా మళ్లీ యూపీఎస్ అంటే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెట్టినట్టు కాదా? కొనాలనేవాళ్లు, వద్దనేవాళ్లు కారణాలతో చెప్పండి. "మా ఇంట్లో బాగానే ఉంది" అనేది కారణం కింద లెక్క కాదు.

380వోల్టులు:
వద్దు. ముందు ఇన్వర్టర్ వెనకవైపు చూడండి. చాలా మోడళ్లకు అక్కడ చిన్న స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు ఎకో. కొన్నిటిలో నార్మల్, వైడ్ అని రాసి ఉంటుంది. బిగించేవాళ్లు ఎక్కువగా ఎకోలోనే వదిలేసి పోతారు.

తేడా ఏమిటంటే, ఎకోలో ఇన్వర్టర్ సుమారు 100 నుంచి 290 వోల్టుల దాకా వచ్చిన కరెంటును వచ్చినట్టే లోపలికి పంపిస్తుంది. కరెంటు పోయిందని తేల్చుకుని బ్యాటరీ మీదికి మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా తీసుకోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో హద్దులు 180 నుంచి 260 వోల్టులు, మారే సమయం 10 నుంచి 15 మిల్లీసెకన్లు. ఫ్యానుకు, బల్బుకు ఈ తేడా పట్టదు. కంప్యూటర్‌కు అదే ప్రాణం.

బ్రౌజర్‌లో బతికి గేమ్‌లో ఎందుకు పోతోందో లెక్క వేద్దాం. ఎస్‌ఎంపీఎస్ లోపల పెద్ద కెపాసిటర్ ఒకటి ఉంటుంది. వచ్చే కరెంటును సర్దే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ దాన్ని 380 వోల్టుల దగ్గర నింపి ఉంచుతుంది. కరెంటు పోయిన క్షణం నుంచి మదర్‌బోర్డు బతికేది ఆ నిల్వ మీదే. 390 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 380 నుంచి 300 వోల్టులకు దిగేలోపు ఇచ్చేది దాదాపు 10.6 జౌళ్లు. బ్రౌజర్ నడుస్తూ 80, 90 వాట్లు లాగుతుంటే అది 100 మిల్లీసెకన్లకు పైగా సరిపోతుంది. గేమ్‌లో 350 వాట్లు లాగితే 30 మిల్లీసెకన్లే. ఇన్వర్టర్ 40 తీసుకుంటే రీస్టార్ట్, 12 తీసుకుంటే ఏమీ కాదు. చవక ఎస్‌ఎంపీఎస్‌లో 220 మైక్రోఫారడ్లే పెడతారు. దానికి అదే లోడ్ మీద 17 మిల్లీసెకన్లే దక్కుతాయి.

స్విచ్ మార్చేముందు లోడ్ తీసేసి, ఇన్వర్టర్ ఆపి, మెయిన్స్ ప్లగ్ కూడా తీయండి. తర్వాత గేమ్ నడుస్తుండగా ఇన్వర్టర్‌కు వెళ్లే ప్లగ్ స్విచ్‌ను ఆపి, కొద్దిసేపాగి వేయండి. ఆపినప్పుడు ఒకసారి, మళ్లీ వేసినప్పుడు ఇంకోసారి మార్పు జరుగుతుంది. కరెంటు పోయేటప్పుడు నిలబడి, వచ్చేటప్పుడు పడిపోయే సెట్లూ ఉంటాయి, అందుకే రెండూ చూడాలి.

ఫీడర్‌చివర:
ఈ సలహా హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లకు సరే. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, వ్యవసాయ మోటార్లతో కలిసిన లైన్ చివర ఉన్న ఇంటికి యూపీఎస్ మోడ్ పెడితే ఏమవుతుందో చెప్పలేదు. సాయంత్రం వోల్టేజీ 165, 185 మధ్య ఊగుతుంది. 180 దాటి కిందికి పోయినప్పుడల్లా ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి దూకుతుంది, కాస్త పెరగగానే వెనక్కి వస్తుంది. కరెంటు ఉన్నా బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది. రాత్రి నిజంగా కరెంటు పోయేసరికి అందులో సగమే మిగులుతుంది. సగం చార్జింగ్‌లోనే వారాల తరబడి ఉండిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీకి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా నిండదు.

అలాంటి చోట పరిష్కారం ఇన్వర్టర్ ఎకోలోనే ఉంచడం, కంప్యూటర్ ఒక్కదానికి లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ పెట్టడం. దానిలో ఏవీఆర్, అంటే వోల్టేజీని సర్దే భాగం, ఉంటుంది. 145, 150 వోల్టుల దాకా బ్యాటరీ ముట్టకుండానే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి పైకి లేపుతుంది. కాబట్టి ఒకే పనికి రెండు వస్తువులు కావు. పనులు వేరు.

380వోల్టులు:
వోల్టేజీ సంగతి ఒప్పుకుంటా. కానీ ఏవీఆర్ గొప్పతనం కంప్యూటర్‌కు అక్కరలేదు. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్ మీద సాధారణంగా 100-240 అని రాసి ఉంటుంది. 165 వోల్టులు వచ్చినా అది ఇబ్బంది పడదు, కాస్త ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, అంతే. స్టెబిలైజర్ కొని దానికి కంప్యూటర్ తగిలించేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఏవీఆర్ వల్ల లాభం యూపీఎస్ బ్యాటరీకి, మీ కంప్యూటర్‌కు కాదు.

టక్‌టక్‌రిలే:
రెండూ పెట్టమనేవాళ్లు ఒక ముక్క దాచేస్తున్నారు. ఇన్వర్టర్ మెయిన్స్‌లాంటి నునుపైన సైన్ అల కాకుండా చదరపు అల ఇచ్చే స్క్వేర్ వేవ్ రకమైతే దాని వెనక యూపీఎస్ పనిచేయదు. కరెంటు పోగానే ఇన్వర్టర్ ఇచ్చే వేవ్‌ను చూసి యూపీఎస్ "ఇది పాడు కరెంటు" అనుకుని తన బ్యాటరీ మీదికి పోతుంది. రిలే టక్ టక్ అంటూ, బీప్ కొడుతూ, 5 నిమిషాల్లో తన బ్యాటరీ ఖాళీ చేసుకుని ఆరిపోతుంది. పక్కన 150 ఏహెచ్ బ్యాటరీ నిండుగా ఉన్నా లాభం లేదు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ గొడవ రాదు. కొన్ని యూపీఎస్‌లలో సెన్సిటివిటీ తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, మాన్యువల్ చూడండి. అది లేకపోతే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ తర్వాత యూపీఎస్ కొనడం డబ్బు నీళ్లలో పోయడమే.

ఇంకోటి. షాపులో ఇచ్చే చవక యూపీఎస్ కూడా బ్యాటరీ మీద ప్యూర్ సైన్ ఇవ్వదు, సిమ్యులేటెడ్ సైన్ ఇస్తుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ దానికి తగిలిస్తే కాలిపోతుంది.

380వోల్టులు:
కాలిపోవడం కాదు, ఆరిపోవడం. రెండూ ఒకటి కాదు. సిమ్యులేటెడ్ సైన్‌లో ప్రతి సగం సైకిల్‌కు కొంతసేపు వోల్టేజీ సున్నా దగ్గర చదునుగా ఉండి, ఒక్కసారిగా పైకి లేస్తుంది. పీఎఫ్‌సీ సర్క్యూట్ ఆ ఆకారాన్ని అనుసరించబోతే కరెంటు ముల్లులా లేస్తుంది. ఆ ముల్లును యూపీఎస్ ఓవర్‌లోడ్ అనుకుని ట్రిప్ అవుతుంది, లేదా ఎస్‌ఎంపీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది. యూపీఎస్ వాట్లు నిజమైన లోడ్‌కు రెట్టింపు ఉంటే చాలా జతలు నిలబడతాయి. కొనేముందు ఆ యూపీఎస్, ఆ ఎస్‌ఎంపీఎస్ కలిపి పరీక్షించకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు.

వీఏ చూసి మోసపోకండి. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లు, 1100 వీఏ అంటే 660. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది వీఏ. యూపీఎస్ నిజంగా మోయగల లోడ్ చెప్పే వాట్లు అడుగున సన్నగా ఉంటాయి.

ల్యాప్‌టాప్‌పక్షం:
డెస్క్‌టాప్ మానేస్తే ఈ చర్చే ఉండదు కదా. ల్యాప్‌టాప్ బ్యాటరీ కంటే మంచి యూపీఎస్ ఏది?

ఫీడర్‌చివర:
గ్రాఫిక్స్ కార్డు మీద పూర్తి లోడ్ పెట్టి బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ నడపండి, దాని వేగం ఎంతకు పడిపోతుందో చూడండి. ప్రశ్న డెస్క్‌టాప్ గురించి.

బ్యాకప్‌సున్నా:
మారే సమయం గురించే అందరూ కొట్టుకుంటున్నారు. యూపీఎస్ కొనడానికి అసలు కారణం అది కాదు. ఇన్వర్టర్ కంప్యూటర్‌తో మాట్లాడదు. బ్యాటరీ అయిపోతోందని ఎర్ర లైటు వెలిగిస్తుంది, బీప్ కొడుతుంది, ఆ సమయానికి గదిలో ఎవరూ లేకపోతే ఉన్నట్టుండి ఆరిపోతుంది. రాత్రంతా రెండర్ పెట్టి పడుకునేవాళ్లకు, ఇంట్లో ఫైల్ సర్వర్ నడిపేవాళ్లకు అదే ప్రమాదం. యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ అయితే విండోస్ దాన్ని ల్యాప్‌టాప్ బ్యాటరీలాగే గుర్తిస్తుంది. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, బ్యాటరీ కింద క్రిటికల్ యాక్షన్ "హైబర్నేట్" పెట్టి, క్రిటికల్ లెవెల్ 40 శాతం చేయండి. అక్కడ ఉండే మామూలు 5 శాతం వదిలేస్తే పాత బ్యాటరీ అంతదాకా చేరకుండానే చస్తుంది. లినక్స్‌లో ఎన్‌యూటీ అనే ప్రోగ్రామ్ ఇదే పని చేస్తుంది. అదే సర్వర్ ఆపేముందు మిగతా యంత్రాలకూ నెట్‌వర్క్ మీద కబురు పంపుతుంది.

600 వీఏ చవక మోడళ్లలో చాలావాటికి ఆ పోర్టు ఉండదు. అది లేని యూపీఎస్ కొనేకన్నా 380వోల్టులు గారు చెప్పిన స్విచ్ మార్చుకోవడమే నయం.

విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మార్పులు రాసుకునే జర్నల్ ఉంది కాబట్టి డేటాకు ఏమీ కాదనే ధీమా కూడా వద్దు. జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని, మీరు సేవ్ చేయని పనిని కాదు. మామూలు ఎస్ఎస్‌డీలలో కరెంటు పోయినప్పుడు క్యాష్‌ను కాపాడే కెపాసిటర్లు ఉండవు. డివైస్ మేనేజర్‌లో రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్ ఆపే టిక్కు ఉంటుంది. వేగం కోసమని అది పెట్టమని వీడియోల్లో చెబుతుంటారు. యూపీఎస్ లేనివాళ్లు దాని జోలికి పోవద్దు.

టక్‌టక్‌రిలే:
5 నిమిషాలు కూడా ఆశపడకండి. 600 వీఏలో ఉండేది ఒక్క 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. కాగితం మీద 84 వాట్ అవర్లు. కానీ ఆ 7 ఏహెచ్ అనేది 20 గంటల్లో, అంటే 0.35 ఆంపియర్లతో ఖాళీ చేస్తే వచ్చే లెక్క. 250 వాట్ల లోడ్ పెడితే నష్టాలతో కలిపి 25 ఆంపియర్లు లాగుతుంది. అంత వేగంగా లాగితే చేతికొచ్చేది కొత్త బ్యాటరీలో కూడా సగానికి లోపే. రెండు వేసవులు దాటాక ఇంకా దారుణం. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు ఇలాంటి బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. బల్ల కింద మూలన, మే నెలలో, యూపీఎస్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి.

బ్యాటరీ మార్చాలంటే మెకానిక్ అక్కరలేదు. ప్లగ్ తీసి, ఆఫ్ చేసి, అడుగు స్క్రూలు విప్పండి. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. టెర్మినల్ వెడల్పు కొలవండి: 4.75 మిల్లీమీటర్లు ఒక రకం, 6.35 ఇంకో రకం. తప్పు రకం తెచ్చి క్లిప్పును శ్రావణంతో నొక్కి బిగిస్తే లూజుగా ఉండి వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. కొత్త బ్యాటరీని కూడా షాపులోనే మల్టీమీటర్‌తో చూడండి, 12.6 కంటే తక్కువ చూపిస్తే అల్మారాలో ఏడాదిగా పడి ఉన్నదే. పాతదాన్ని పరీక్షించడానికి మల్టీమీటర్ ఒక్కటే చాలదు, లోడ్ లేనప్పుడు చచ్చిన బ్యాటరీ కూడా 12.7 చూపించవచ్చు. 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి చూడండి. 10 నిమిషాల్లో 11.5 కిందికి జారితే అది పోయినట్టే. బల్బు చేతితో పట్టుకోకండి, మండుతుంది.

ఎర్త్‌పిన్ను:
ఎవరూ ఎర్తింగ్ మాట ఎత్తలేదు. క్యాబినెట్ తాకితే జిల్లుమంటుంటే ఇన్వర్టర్‌దో, యూపీఎస్‌దో తప్పని అనుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ అందకపోతే బాడీ మీద సుమారు 115 వోల్టులు తేలుతుంది. ఆ కరెంటు మిల్లీఆంపియర్‌లో కొంత భాగమే కాబట్టి చంపదు కానీ, హెచ్‌డీఎంఐ కేబుల్ పెడుతున్నప్పుడు టీవీ పోర్టును తినేయగలదు. త్రీ పిన్‌ను టూ పిన్ చేసే అడాప్టర్ వాడితే ఇదే ఫలితం. ఎర్త్, న్యూట్రల్ మధ్య కొలవండి: 2, 3 వోల్టుల లోపు ఉండాలి. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 230 దగ్గర రావాలి. ఎర్త్ లేకుండా స్పైక్ బస్టర్ మీద ఖర్చు పెట్టడం సగం దండగ.

ఇంకా, లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు గానీ, ఇన్వర్టర్ లైన్‌కు గానీ తగిలించకండి. కాగితం మీద పొడిని కరిగించే ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో 800 వాట్ల పైన లాగుతుంది. ఆ దెబ్బకు పక్కన ఉన్న కంప్యూటర్ కూడా పోతుంది.

చీకటివేళ:
చూశాను, స్విచ్ ఎకోలోనే ఉంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే గేమ్ మధ్యలో ప్లగ్ ఆపినా రీస్టార్ట్ కాలేదు. కాబట్టి 380వోల్టులు గారి లెక్క సరిపోయింది. కానీ సాయంత్రం 7 తర్వాత మీటర్ 172 చూపిస్తోంది, ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదికి పోతోంది. ఇప్పుడు ఫీడర్‌చివర గారు చెప్పిందీ నిజమే అవుతోంది. ఇంకో సంగతి, కరెంటు పోయాక నెట్ కూడా పోతోంది. రౌటర్ ఇన్వర్టర్ మీదే ఉంది.

బ్యాకప్‌సున్నా:
నెట్ సంగతి ముందు. మీ ఇంట్లోకి వచ్చేది ఫైబర్ తీగా, ల్యాన్ కేబులా? ఫైబర్ నేరుగా వస్తే వీధిలో ఉండే స్ప్లిటర్‌కు కరెంటే అక్కరలేదు. అప్పుడు అనుమానించాల్సింది మీ ఇంటి పెట్టెల్నే. ఫైబర్ మోడెం వేరేగా ఉండి, అది మాత్రం ఇన్వర్టర్ లేని ప్లగ్గుకు తగిలించి ఉందేమో చూడండి. ల్యాన్ కేబుల్ వస్తుంటే, ఆ కేబుల్ మొదలయ్యే స్విచ్ పక్క బిల్డింగ్ మెట్ల కింద ఎక్కడో ఉంటుంది. అక్కడ కరెంటు పోతే మీరు ఇంట్లో ఏం పెట్టినా లాభం లేదు, కేబుల్ ఆపరేటర్‌ను అడగాలి. ఇన్వర్టర్ లైన్ లేని గదిలో రౌటర్ పెట్టుకున్నవాళ్లకు 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు. పిన్ను లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లా, 2.5 మిల్లీమీటర్లా అన్నది చూసుకుని కొనండి, పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

ఫీడర్‌చివర:
172కి నా మాట మారదు: ఎకోలో పెట్టి, యూఎస్‌బీ పోర్టు ఉన్న 1100 వీఏ తీసుకోండి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ అని ముందు నిర్ధారించుకోండి.

380వోల్టులు:
దానికి ముందు 172 ఎక్కడి నుంచి వస్తోందో తేల్చండి. రాత్రి 7కి ఇంట్లో అన్నీ ఆపేసి మీటర్ దగ్గర కొలవండి. అప్పుడూ 172 అయితే లోపం ట్రాన్స్‌ఫార్మర్‌దో, లైన్‌దో. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, నంబరు రాసిపెట్టుకోండి. అన్నీ ఆపినప్పుడు 215 ఉండి, గీజరో, మోటారో వేయగానే 172కు పడితే లోపం మీ సర్వీస్ వైరుదే. స్తంభం దగ్గరో, మీటర్ దగ్గరో జాయింట్ లూజయ్యుంటుంది, లేదా వైరు మీ లోడ్‌కు సన్నదై ఉంటుంది. స్తంభం వైపు జాయింట్ లైన్‌మన్‌తోనే చేయించండి, మీరు ముట్టవద్దు. అది న్యూట్రల్ జాయింట్ అయితే ఇంకా తొందరపడండి. త్రీ ఫేజ్ లైన్‌లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దగ్గర దాకా రావచ్చు. ఆ పూట ఇన్వర్టర్, యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్ మూడూ పోతాయి.